రాత్రికి 14 సెంటీమీటర్లు దిగిపోతున్న హైడ్రాలిక్ లిఫ్టు: ప్యాకింగ్ లీకా, ఆయిల్ చల్లబడటమా?

మూడో_అంతస్తు | ఆదివారం, ఉదయం 8:10

నమస్కారం. మా అపార్ట్‌మెంటు లిఫ్టు గురించి సలహా కావాలి. మళ్లీ మళ్లీ అడిగే పని లేకుండా వివరాలన్నీ ముందే రాస్తున్నాను.

గ్రౌండ్ మీద మూడు అంతస్తులు, మొత్తం ప్రయాణం 9 మీటర్లు. 6 మందికి, అంటే 408 కిలోలకు. వేగం సెకనుకు 0.5 మీటరు. జాక్ (ఆయిల్ ఒత్తిడితో క్యాబిన్‌ని లేపే సిలిండర్) షాఫ్టులో ఒక పక్కన నిలబడి ఉంటుంది. అందులోంచి పైకి లేచే ఉక్కు కడ్డీ, అంటే ర్యామ్, దాని తల మీద పుల్లీ, పుల్లీ మీదుగా రోపులు. ర్యామ్ వ్యాసం 100 మి.మీ. పవర్ యూనిట్ (మోటారు, పంపు, ట్యాంకు) కింద గదిలో ఉంది. ట్యాంకులో దాదాపు 150 లీటర్ల ఆయిల్, చిక్కదనంలో ఐఎస్ఓ వీజీ 46 రకం. ఖాళీ క్యాబిన్‌తో గేజి 17 బార్ చూపిస్తుంది.

రాత్రి 10కి వాచ్‌మన్ లిఫ్టు మెయిన్ ఆఫ్ చేస్తాడు. అప్పటికి క్యాబిన్ మూడో అంతస్తులో ఉంటే, తెల్లారి 6కి చూసేసరికి గడప కన్నా 14 సెంటీమీటర్లు కిందికి దిగి ఉంటోంది. ఏఎమ్‌సీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) చూసేవాళ్లు ప్యాకింగ్, అంటే జాక్ తల దగ్గరి సీలు, పోయిందంటున్నారు. ప్యాకింగ్‌తో పాటు 40 లీటర్ల కొత్త ఆయిల్ కూడా కావాలని ఎస్టిమేట్ ఇచ్చారు. జాక్ తల దగ్గర కారిన ఆయిల్ పట్టే డబ్బా మాత్రం నెల రోజులుగా దాదాపు పొడిగానే ఉంది. ప్యాకింగ్ మార్పించాలా?

పాస్కల్_తాత | ఆదివారం, ఉదయం 9:02

డబ్బా పొడిగా ఉందన్న ఒక్క మాటతోనే ప్యాకింగ్ మీద అనుమానం తీసేయవచ్చండి. ఎందుకో తెలియాలంటే జాక్ లోపల ఏముందో చూడాలి.

పొక్లెయిన్ చేతికి ఉండే సిలిండర్‌లో పిస్టన్, దాని చుట్టూ సీలు, రెండు వైపులా ఆయిల్ ఉంటాయి. అక్కడ పిస్టన్ సీలు పోతే ఆయిల్ ఒక వైపు నుంచి రెండో వైపుకి లోపలే జారిపోతుంది, బయట చుక్క కనపడదు. లిఫ్టు జాక్ అలాంటిది కాదు. పొడవాటి ఉక్కు గొట్టంలో నున్నటి ర్యామ్ నిలబడి ఉంటుంది, దాని కిందా చుట్టూ ఆయిలే. సీలు ఉండేది ఒక్క చోట, సిలిండర్ తల దగ్గర. గైడ్ రింగ్, ప్యాకింగ్, అన్నిటికన్నా పైన దుమ్ము గీకేసే వైపర్. ప్యాకింగ్ దాటిన ఆయిల్‌కి బయటికి రావడం తప్ప వేరే దారి లేదు.

లెక్క వేయండి. రోపులు పుల్లీ మీదుగా తిరుగుతాయి, ఒక కొస కింద బిగించి ఉంటుంది, కాబట్టి ర్యామ్ 1 అడుగు కదిలితే క్యాబిన్ 2 అడుగులు కదులుతుంది. క్యాబిన్ 14 సెం.మీ. దిగిందంటే ర్యామ్ 7 సెం.మీ. దిగింది. 100 మి.మీ. ర్యామ్ వైశాల్యం 78.5 చ.సెం.మీ. దాన్ని 7తో గుణిస్తే 550 మిల్లీలీటర్లు. ప్యాకింగే కారణమైతే ఒక్క రాత్రిలో అర లీటరు పైగా ఆయిల్ డబ్బాలోకి రావాలి. నెల రోజులైనా డబ్బా పొడిగా ఉందంటే ఆ ఆయిల్ అటు పోలేదు.

మీరు ర్యామ్‌కి ఒకే వ్యాసం రాశారు, అంటే ఒకే ర్యామ్, కాబట్టి ఇది చెల్లుతుంది. రెండు మూడు దశల టెలిస్కోపిక్ జాక్ అయితే లోపలి దశల మధ్య కూడా సీళ్లుంటాయి, ఈ మాట పూర్తిగా పనికిరాదు.

నూనెగొట్టం | ఆదివారం, ఉదయం 9:40

తాతగారి మాటే నాదీ. ఇంకో కోణం ఉంది: వేడి. హైడ్రాలిక్ ఆయిల్ ఒక్కో డిగ్రీ చల్లబడితే ఘనపరిమాణం దాదాపు 0.07 శాతం తగ్గుతుంది. ట్యాంకు మీద థర్మామీటరు ఉంటే రాత్రి 10కి ఎంత, పొద్దున 6కి ఎంత చూసి చెప్పండి.

మూడో_అంతస్తు | సోమవారం, ఉదయం 6:25

రాత్రి ట్యాంకు 48 డిగ్రీలు, ఇప్పుడు 28. క్యాబిన్ మళ్లీ 14 సెం.మీ. కిందే ఉంది.

నూనెగొట్టం | సోమవారం, ఉదయం 7:05

20 డిగ్రీల తేడా అంటే 1.4 శాతం. మూడో అంతస్తులో ర్యామ్ 4.5 మీటర్లు బయట ఉంటుంది. దాన్ని లేపిన ఆయిల్ 35 లీటర్లు. అందులో 1.4 శాతం 0.49 లీటర్లు. ర్యామ్ 6.3 సెం.మీ., క్యాబిన్ 12.6 సెం.మీ. మీరు కొలిచిన 14కి దగ్గరే. చుక్క లీకు లేకుండానే లిఫ్టు దిగుతోంది.

పిట్‌లైటు | సోమవారం, ఉదయం 8:30

జవాబు దాదాపు సరిపోయింది గానీ, ఆ లెక్కలో రెండు తప్పులు ఒకదాన్నొకటి సర్దేశాయి. వేరే లిఫ్టు మీద ఇదే పద్ధతి వాడితే దెబ్బ తింటారు, అందుకే వివరంగా రాస్తున్నాను.

మొదటిది, కుంచించుకునేది ర్యామ్‌ని లేపిన 35 లీటర్లు మాత్రమే కాదు. సిలిండర్ గొట్టం లోపలి వ్యాసం ర్యామ్ కన్నా పెద్దది. 100 మి.మీ. ర్యామ్‌కి గొట్టం లోపల 130 మి.మీ. చుట్టూ ఉండటం మామూలే. ర్యామ్ పూర్తిగా పైకి వెళ్లాక ఆ 5 మీటర్ల గొట్టమంతా ఆయిలే, అంటే 66 లీటర్లు. హోస్‌లో ఉన్నది కలిపితే 68. ఈ మొత్తం తగ్గితే ఆ లోటు తీర్చేది ర్యామ్ ఒక్కటే, అది కిందికి దిగుతుంది.

రెండోది, ట్యాంకు వేడి సిలిండర్ వేడి కాదు. మోటారు, పంపు ట్యాంకులో మునిగి ఉంటాయి, దిగేటప్పుడు వాల్వ్‌లో పుట్టే వేడి కూడా ట్యాంకులోకే వస్తుంది. సిలిండర్ షాఫ్టు గాలిలో నిలబడి ఉంటుంది కాబట్టి ట్యాంకు అంత వేడెక్కదు. క్యాబిన్ పైఅంతస్తులో ఆగి ఉన్నప్పుడు దాన్ని మోసేది సిలిండర్‌లోని ఆయిల్. ట్యాంకులో ఉన్నదానికీ క్యాబిన్‌కీ అప్పుడు సంబంధం లేదు, మధ్యలో చెక్ వాల్వ్ (ఆయిల్‌ని వెనక్కి రానీయని వాల్వ్) మూసుకుని ఉంటుంది. కొలవాల్సింది సిలిండర్ గోడని.

మూడో_అంతస్తు | మంగళవారం, ఉదయం 6:40

మెకానిక్ చేత సిలిండర్‌కి టేపుతో థర్మామీటరు అంటించాం. రాత్రి 38, ఇప్పుడు 28.

పిట్‌లైటు | మంగళవారం, ఉదయం 7:15

10 డిగ్రీలు, 0.7 శాతం, 68 లీటర్ల మీద 0.476 లీటర్లు. ర్యామ్ 6 సెం.మీ., క్యాబిన్ 12 సెం.మీ. మిగిలిన 2 సెం.మీ. చల్లబడటం వల్ల కాదు. అది ఎక్కడిదో వెతకాలి.

ఆ 2 సెం.మీ. అంటే 8 గంటలకు 80 మిల్లీలీటర్ల లోపు. పెద్ద లీకు కాదు, కానీ రేపు పెరగవచ్చు. పొద్దున పూట, అన్నీ చల్లగా ఉన్నప్పుడు పరీక్ష చేయించండి. సాయంత్రం చేస్తే చల్లబడటమూ లీకూ కలిసిపోయి ఏదీ తేలదు.

పాస్కల్_తాత | మంగళవారం, ఉదయం 10:20

పరీక్షకి ముందు ఆయిల్ నడిచే దారి ఒకసారి చూసుకుంటే ఏ వాల్వ్ ఎందుకు మూస్తున్నామో తెలుస్తుంది.

పైకి వెళ్లేటప్పుడు: మోటారు స్టార్ట్ అవగానే స్క్రూ పంపు ఆయిల్‌ని తోస్తుంది. మొదటి క్షణాల్లో బైపాస్ తెరిచి ఉండటం వల్ల ఆయిలంతా తిరిగి ట్యాంకులోకే పోతుంది. మోటారు లోడు లేకుండా స్టార్ నుంచి డెల్టాకి (స్టార్టింగ్ కనెక్షన్ నుంచి రన్నింగ్ కనెక్షన్‌కి) మారడానికే ఈ ఏర్పాటు. తర్వాత బైపాస్ నెమ్మదిగా మూసుకుంటుంది, ఒత్తిడి పెరిగి సిలిండర్ ఒత్తిడిని దాటగానే చెక్ వాల్వ్ తెరుచుకుని ర్యామ్ లేస్తుంది. అంతస్తుకి అర మీటరు పైచిలుకు ముందు స్పీడు తగ్గించే సాలినాయిడ్ (వాల్వ్‌ని నడిపే కరెంటు కాయిల్) వదిలేస్తుంది. బైపాస్ కొంత తెరుచుకుని లిఫ్టు పాకుతూ గడపకి చేరుతుంది. ఆగాక చెక్ వాల్వ్ మూత పడుతుంది.

కిందికి వచ్చేటప్పుడు మోటారుకి పనే లేదు. డౌన్ సాలినాయిడ్ తెరుస్తుంది, క్యాబిన్ బరువే ఆయిల్‌ని వెనక్కి తోస్తుంది, డౌన్ వాల్వ్ ఎంత తెరుచుకుందో అంత వేగం.

కాబట్టి ఆగి ఉన్న లిఫ్టు నుంచి ఆయిల్ లోపలే ట్యాంకులోకి జారే దారులు మూడు: చెక్ వాల్వ్ సీటు (వాల్వ్ మూత కూర్చునే అంచు), డౌన్ వాల్వ్ సీటు, చేత్తో దించే ఎమర్జెన్సీ వాల్వ్. మూడూ వాల్వ్ బ్లాకులోనే ఉన్నాయి. బ్లాకుకీ సిలిండర్‌కీ మధ్య ఒక బాల్ వాల్వ్ ఉంటుంది. అది మూస్తే ఈ మూడు దారులూ ఒకేసారి మూసుకుంటాయి. అదే మన పరీక్ష.

పిట్‌లైటు | మంగళవారం, ఉదయం 11:05

పరీక్ష వరస ఇది. లిఫ్టు మెకానిక్ చేయాలి, కమిటీ వాళ్లు పక్కన నిలబడి కొలతలు రాసుకోవచ్చు. పరీక్ష జరుగుతున్నంత సేపూ పిట్‌లోకి (షాఫ్టు అడుగున ఉండే గొయ్యి) ఎవరూ దిగకూడదు. బాల్ వాల్వ్ మూశాం కదా అని క్యాబిన్ కిందికి వెళ్లడం ప్రాణాంతకం. పిట్‌లో పని ఉంటే క్యాబిన్ కింద ఉక్కు ప్రాప్ నిలబెట్టాలి, పిట్ స్టాప్ స్విచ్ నొక్కాలి, మెయిన్‌కి తాళం వేయాలి. మూడూ జరిగాకే దిగాలి.

ఖాళీ క్యాబిన్‌ని మూడో అంతస్తుకి తీసుకెళ్లి, తలుపులు మూసి, మెయిన్ ఆఫ్ చేయండి. ఆన్‌లో ఉంటే రీలెవెలింగ్ వచ్చి క్యాబిన్‌ని మళ్లీ పైకి లేపేస్తుంది, కొలత పోతుంది. 10 నిమిషాలు ఆగి ఒక గుర్తు పెట్టండి. గంట తర్వాత ఎంత దిగిందో స్టీలు స్కేలుతో కొలవండి. మళ్లీ లెవెల్‌కి తెచ్చి, ఈసారి బాల్ వాల్వ్ మూసి ఇంకో గంట.

రెండోసారి దిగడం ఆగిపోతే లీకు వాల్వ్ బ్లాకులో. అప్పుడూ దిగుతూ ఉంటే ప్యాకింగ్, హోస్, జాయింట్లు. అవి బయట తడిగా కనపడతాయి. బాల్ వాల్వ్ మూసి ఉన్నప్పుడు బ్లాకు మీది గేజిని కూడా చూడండి. మూసిన భాగంలో ఆయిల్ చాలా కొంచెం కాబట్టి సీటులో సన్నటి లీకున్నా సూది గబగబా పడిపోతుంది. గంట కొలత చెప్పే విషయాన్ని గేజి 5 నిమిషాల్లో చెప్తుంది.

చివరగా పూర్తి లోడుతో ఒకసారి. యూరప్ పాత ప్రమాణం ఈఎన్ 81-2 (దాని స్థానంలో ఇప్పుడు ఈఎన్ 81-20 ఉంది) లెక్క ప్రకారం పైఅంతస్తులో పూర్తి లోడుతో 10 నిమిషాల్లో 10 మి.మీ. కన్నా ఎక్కువ దిగకూడదు, వేడి ప్రభావం మినహాయించి. 50 కిలోల సిమెంటు బస్తాలు 8 పెడితే 400 కిలోలు, మీ లిఫ్టుకి సరిపోతుంది. బస్తాలు ఎక్కించాకే గుర్తు పెట్టండి. లోడు పడగానే ఆయిల్ నొక్కుకుని, రోపులు సాగి, క్యాబిన్ ఒకటి రెండు సెంటీమీటర్లు కుంగడం సహజం. దాన్ని లీకులో కలపవద్దు.

ఓరుగల్లు_ప్యానెల్ | మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఆయిల్ సంగతి సరే, మెయిన్ ఆఫ్ చేసుడు గురించి ఎవ్వరూ గట్టిగ చెప్తలేరు. అసలు తప్పు అక్కడున్నది.

హైడ్రాలిక్ లిఫ్టు కొద్దిగ దిగుడు అందరికీ తెలిసిన గుణమే. అందుకే కంట్రోలర్‌ల రెండు పనులు పెడ్తరు. ఒకటి, గడప నుంచి క్యాబిన్ కొంచెం జారంగనే మోటారు తిప్పి మళ్లీ లెవెల్‌కి తెచ్చుడు. రెండోది, చివరి ట్రిప్పు అయిపోయినంక 15 నిమిషాల లోపల లిఫ్టు తనంతట తానే అన్నిటికన్న కింది అంతస్తుకు దిగి ఆగుడు. గ్రౌండ్‌ల ఉంటే దిగనీకి జాగనే ఉండది. మెయిన్ ఆఫ్ చేస్తే రెండూ పోతయి.

14 సెంటీమీటర్లంటే డోరు తెరుచుకునే జోన్‌లనే ఉంటది. తెల్లారి ముసలోళ్లు చీకట్ల తలుపు తీసి అడుగు పెడ్తే ఏమైతది? కరెంటు ఆదా కావాలంటే క్యాబిన్ లైటు, ఫ్యాన్ టైమర్ మీద పెట్టుండ్రి. మెయిన్ ముట్టుకోకుండ్రి.

ఇంకో ముచ్చట. బయట ట్రాన్స్‌ఫార్మర్ పనైనంక ఫేజులు తారుమారైతే స్క్రూ పంపు ఎన్కకు తిరుగుతది. చప్పుడు వస్తది, ఒత్తిడి రాదు, లిఫ్టు లేవదు. ఎన్కకు తిరిగితే పంపు పాడైతది. ఫేజ్ సీక్వెన్స్ రిలే పనిచేస్తున్నదో లేదో చూపించుకోండ్రి. మోటారు తిరిగినా క్యాబిన్ కదలకపోతే ఆపేసే రన్‌టైమ్ టైమర్ గూడ ఉండాలె. మామూలు ప్రయాణ సమయానికి 10 సెకన్లు కలిపి పెడ్తరు, ఎట్లైనా 45 సెకన్లు దాటొద్దు.

మూడో_అంతస్తు | బుధవారం, ఉదయం 9:50

ఓరుగల్లు గారూ, ఆ తలుపు సంగతి మాకు తట్టలేదు. ఈ రాత్రి నుంచి మెయిన్ ఆన్‌లోనే ఉంటుంది.

పరీక్ష చేశాం. బాల్ వాల్వ్ తెరిచి, ఖాళీ క్యాబిన్: గంటకు 2.5 మి.మీ. బాల్ వాల్వ్ మూసి: గంటకు కొలవగలిగినంత ఏమీ లేదు. మూసినప్పుడు గేజి 17 నుంచి 5 బార్‌కి రెండు నిమిషాల్లో పడింది. 8 బస్తాలతో 10 నిమిషాలకు 1 మి.మీ. లోపే.

పిట్‌లైటు | బుధవారం, ఉదయం 10:25

గంటకు 2.5 అంటే 8 గంటలకు 20 మి.మీ. మిగిలిపోయిన 2 సెం.మీ. ఇదే. లోడు పరీక్షలో లిఫ్టు హాయిగా పాసయింది. లీకు వాల్వ్ బ్లాకులో. ప్యాకింగ్ మార్చి ఉంటే డబ్బు పోయేది, దిగడం అలాగే ఉండేది.

ఎక్కువగా దొరికే దోషి డౌన్ వాల్వ్ సీటు. దాని మీద ఇనుప రజను గానీ, గుడ్డ పీచు గానీ ఇరుక్కుంటుంది, లేదా ఓ-రింగ్ (సీలుగా వేసే గుండ్రటి రబ్బరు రింగు) గట్టిపడి పగులుతుంది. ముందుగా ఎమర్జెన్సీ వాల్వ్ పూర్తిగా మూసుకుందో లేదో చూడమనండి. ఎవరో ఒకసారి వాడాక అది పూర్తిగా మూసుకోకుండా ఇరుక్కుంటే ఇలాగే దిగుతుంది, అది పైసా ఖర్చు లేని మరమ్మతు.

సీటు శుభ్రం చేయడానికి: క్యాబిన్‌ని కింద బఫర్ల (పిట్ అడుగున క్యాబిన్‌ని ఆపే దిమ్మలు) మీద కూర్చోబెట్టాలి. మెయిన్‌కి తాళం. బాల్ వాల్వ్ మూయాలి. ఎమర్జెన్సీ వాల్వ్ తెరిచి బ్లాకులో ఒత్తిడి దించాలి. రోపు లిఫ్టుల్లో రోపులు వదులు కాకుండా కాపాడే మినిమమ్ ప్రెషర్ వాల్వ్ ఉంటుంది కాబట్టి కొంత ఒత్తిడి లోపలే నిలిచిపోవచ్చు. కంపెనీ మాన్యువల్‌లో చూపిన స్క్రూతో అది కూడా వదిలి, గేజి సున్నాకి వచ్చాకే మూత బోల్టులు తాకాలి. బయటికి తీసిన భాగాలు వరసగా పేర్చుకోవాలి. తుడవడానికి పీచు రాలని గుడ్డ. వేస్ట్ కాటన్ అసలు వద్దు, దాని పీచే మళ్లీ సీటు కింద చేరుతుంది. సీటుని ఎమరీ కాగితంతో రుద్దకూడదు, గీత పడితే బ్లాకే మార్చాలి. ఓ-రింగులు కొత్తవి, ఆయిల్ రాసి వేయాలి. వేగం సర్దే స్క్రూలు ఏవైనా తిప్పాల్సి వస్తే ఎన్ని చుట్లు తిప్పారో ముందే రాసుకోవాలి.

సాలినాయిడ్ ముందుండే చిన్న జల్లెడ, ట్యాంకు ఫిల్టరు కూడా అప్పుడే కడగమనండి. రజను కనిపిస్తే అది ఎక్కడి నుంచి వచ్చిందో వెతకాలి, లేకపోతే మూడు నెలల్లో మళ్లీ ఇదే పని.

నూనెగొట్టం | బుధవారం, ఉదయం 11:00

పిట్‌లైటు గారూ, సిలిండర్ గోడ లెక్క సరైనదే, నాది పొరపాటు. ఒక్కటి కలుపుతాను: 40 లీటర్ల కొత్త ఆయిల్ ఎందుకు అడిగారో కనుక్కోవాలి. లోపలి లీకులో ఆయిల్ ఎక్కడికీ పోదు, తిరిగి ట్యాంకుకే వస్తుంది. క్యాబిన్ గ్రౌండ్‌లో ఉన్నప్పుడు డిప్‌స్టిక్ గీతల మధ్య ఆయిల్ ఉంటే ఒక్క చుక్క కూడా పోయనక్కర్లేదు. పైఅంతస్తులో ఉన్నప్పుడు చూసి తగ్గిందని పోస్తే, దిగాక ట్యాంకు పొంగుతుంది.

స్కెచ్‌పెన్సిల్ | బుధవారం, సాయంత్రం 5:15

ఇళ్ల ప్లాన్లు గీసే నాకు రెండు సందేహాలు. హోస్ తెగితే క్యాబిన్ పడిపోదా అని క్లయింట్లు అడుగుతారు. రెండోది, మా వైపు ఎండాకాలం 45 డిగ్రీలు ఉంటుంది, పవర్ యూనిట్‌ని మెట్ల కింద అలమరాలో పెట్టవచ్చా?

పాస్కల్_తాత | బుధవారం, రాత్రి 8:40

హోస్ సంగతి నేను చెప్తానమ్మా.

సిలిండర్ అడుగున, ఆయిల్ లోపలికి వెళ్లే చోటే రప్చర్ వాల్వ్ బిగించి ఉంటుంది. సిలిండర్‌కీ దానికీ మధ్య హోస్ ముక్క ఉండకూడదు, నేరుగా బిగించాలి. అది లేకపోతే మిగతా చర్చే అనవసరం. హోస్ తెగిందంటే ఆయిల్ మామూలు కన్నా చాలా వేగంగా బయటికి పరిగెడుతుంది. ఆ పరుగుకి వాల్వ్ లోపలి పళ్లెం స్ప్రింగ్‌ని దాటి మూసుకుంటుంది, లిఫ్టు ఆగుతుంది. మామూలు దిగే వేగానికి సెకనుకు 0.3 మీటరు కలిపిన వేగం చేరేలోపు అది పనిచేయాలి. ఈ థ్రెడ్‌లోని లిఫ్టుకి 0.8. దాన్ని పూర్తి లోడుతో, డౌన్ వేగం కావాలని పెంచి పరీక్షిస్తారు. హోస్‌ని కూడా పూర్తి లోడు ఒత్తిడికి 8 రెట్లు తట్టుకునేలా ఎంచుకుంటారు.

రప్చర్ వాల్వ్ రోపు తెగితే కాపాడదు. పక్క జాక్, రోపుల లిఫ్టులో అందుకే క్యాబిన్ కింద సేఫ్టీ గేర్ వేరుగా ఉంటుంది, రోపు వదులైనా తెగినా గైడ్ పట్టాలను కరుచుకుంటుంది. ర్యామ్ నేరుగా క్యాబిన్‌ని మోసే రకంలో రోపులే లేవు కనుక ఆ భయం లేదు. కానీ ఆ రకంలో భూమిలో బోరు వేసి సిలిండర్ దించితే ఇంకో సమస్య: మట్టిలో తేమకి గొట్టం అడుగు తుప్పు పట్టి కనపడకుండా తినేస్తుంది. అమెరికాలో అలా పాత సిలిండర్ల అడుగు ఊడిపోయిన ప్రమాదాలు జరిగాకే సిలిండర్‌కి అడుగు భాగం రెండు పొరలుగా ఉండాలి, ప్లాస్టిక్ తొడుగు ఉండాలి అనే నియమాలు వచ్చాయి. మన దగ్గర ఇళ్లకి బోరు జోలికి పోకపోవడమే మంచిది.

ఈ యంత్రాలు మొదట నీటితోనే నడిచాయి. ఈఫిల్ టవర్ తూర్పు, పడమర కాళ్లలో 1899లో ఫివ్-లిల్ కంపెనీ పెట్టిన లిఫ్టులు నీటి ఒత్తిడివే. తుప్పు పట్టనీయదు, పంపుకీ ప్యాకింగ్‌కీ జారుడు ఇస్తుంది కనుక తర్వాత ఆయిల్ వచ్చింది.

నూనెగొట్టం | బుధవారం, రాత్రి 9:30

స్కెచ్‌పెన్సిల్ గారూ, అలమరా ప్రశ్నకి లెక్కతోనే జవాబు ఇస్తాను, ఇదే లిఫ్టు తీసుకుని.

క్యాబిన్, ఫ్రేము 600 కిలోలు అనుకుందాం, లోడు 408, మొత్తం 1008. రోపుల వల్ల ర్యామ్ మీద రెట్టింపు, అంటే 2016, పుల్లీ, ర్యామ్ సొంత బరువు 150. దీన్ని 78.5 చ.సెం.మీ.తో భాగిస్తే 27 బార్. ఖాళీగా 17 బార్ అని మొదటి పోస్టులో ఉన్నది ఈ లెక్కకి సరిపోయింది. ర్యామ్ వేగం 0.25 కనుక నిమిషానికి 118 లీటర్ల పంపు కావాలి. వాల్వ్, పంపు నష్టాలు కలిపితే మోటారు 10 హెచ్‌పీ చుట్టూ. ఒత్తిడి మితిమీరితే ఆయిల్‌ని ట్యాంకులోకి వదిలేసే రిలీఫ్ వాల్వ్‌ని పూర్తి లోడు ఒత్తిడికి 140 శాతం దగ్గర, 38 బార్‌కి సెట్ చేస్తారు.

ఇక వేడి. ఈ లిఫ్టుకి కౌంటర్‌వెయిట్ లేదు. 1008 కిలోలను 9 మీటర్లు లేపడానికి 89 కిలోజౌళ్లు, నష్టాలతో దాదాపు 137. దిగేటప్పుడు అందులో ఏదీ తిరిగి రాదు, అంతా వేడిగా మారి ఆయిల్‌లోనే చేరుతుంది. 150 లీటర్ల ఆయిల్ 1 డిగ్రీ వేడెక్కడానికి 250 కిలోజౌళ్లు పడుతుంది. నిండు లోడుతో ఒక్కసారి ఎక్కి దిగితే అర డిగ్రీ పైన. గంటకు 45 సార్లు అలా తిరిగితే, గాలికి పోయేది లేకపోతే, 25 డిగ్రీలు. బయట 45 ఉన్న రోజున 70కి చేరుతుంది. అప్పటికి ఆయిల్ పల్చబడి, పంపు లోపల ఆయిల్ వెనక్కి జారడం పెరిగి, లిఫ్టు నెమ్మదిస్తుంది, గడప దగ్గర ఆగడం తప్పుతుంది, ప్యాకింగ్ రబ్బరు తొందరగా గట్టిపడుతుంది.

ముగ్గురు నలుగురు ఉండే ఇంట్లో గంటకు 45 ట్రిప్పులు రావు కాబట్టి అలమరా పనికొస్తుంది, కానీ కిందా పైనా గాలి జాలీలు ఉండాలి, పడమటి గోడకి ఆనించకూడదు. క్లినిక్, షాపు అయితే ఆయిల్ కూలర్ తప్పనిసరి. వీజీ 68 పోస్తే వేడికి బాగుంటుందని కొందరు మార్చేస్తారు. పంపు, వాల్వ్ కంపెనీ ఒప్పుకుంటేనే మార్చాలి. చలికాలం పొద్దున అదే ఆయిల్ చిక్కబడి లెవెలింగ్ దూరం మారిపోతుంది.

పిట్‌లైటు | గురువారం, ఉదయం 7:20

వర్షాకాలం మాట కూడా అనుకోవాలి. పిట్‌లోకి నీళ్లు చేరితే సిలిండర్ అడుగు తుప్పు పడుతుంది, తడిసిన డబ్బాలోని ఆయిల్ పనికిరాదు. కారిన ఆయిల్‌ని తిరిగి ట్యాంకులో పోయడం చాలా చోట్ల అలవాటు. దుమ్ము, నీళ్లు కలిసిన ఆ ఆయిలే డౌన్ వాల్వ్ సీటుని పాడు చేసేది. ట్యాంకు ఆయిల్ పాలలా తెల్లబడితే నీళ్లు చేరినట్టు, మొత్తం మార్చాలి. నురగ వచ్చి క్యాబిన్ స్ప్రింగు మీద ఉన్నట్టు ఊగితే గాలి చేరినట్టు. క్యాబిన్‌ని కిందికి దించి, మెయిన్ ఆఫ్ చేసి, సిలిండర్ తల దగ్గరి బ్లీడ్ స్క్రూని కొద్దిగా వదులు చేసి, బుడగలు లేని ఆయిల్ వచ్చాక బిగించాలి. స్క్రూ పూర్తిగా తీయకూడదు.

కరెంటు పోయి మనుషులు ఇరుక్కుంటే పని సులువు, అది ఈ లిఫ్టుల పెద్ద గుణం. మెయిన్ ఆఫ్ చేసి, లోపలి వాళ్లకి చెప్పి, ఎమర్జెన్సీ వాల్వ్ నొక్కి పట్టుకుంటే క్యాబిన్ మెల్లగా దిగుతుంది. వదిలేస్తే ఆగుతుంది. నొక్కినా దిగకపోతే సేఫ్టీ గేర్ కరుచుకుని ఉండవచ్చు, బలవంతం చేయకుండా మెకానిక్‌ని పిలవాలి. గేర్ విడిపించడానికి హ్యాండ్ పంపుతో క్యాబిన్‌ని పైకి లేపాలి, కిందికి కాదు.

మూడో_అంతస్తు | ఆదివారం, ఉదయం 8:45

శుక్రవారం డౌన్ వాల్వ్ విప్పించాం. సీటు మీద నల్లటి రబ్బరు తునక, ఓ-రింగ్ ఒక పక్క చిట్లి ఉంది. కొత్తది వేశారు, జల్లెడ, ఫిల్టరు కడిగారు. చల్లగా ఉన్నప్పుడు ఖాళీ క్యాబిన్‌తో గంటకు దిగింది అర మిల్లీమీటరు కూడా లేదు. బాల్ వాల్వ్ మూస్తే గేజి 10 నిమిషాలకు 15 దగ్గర ఉంది. ఆయిల్ పోయలేదు. చివరి ట్రిప్పు తర్వాత 12వ నిమిషంలో లిఫ్టు గ్రౌండ్‌కి వచ్చి ఆగుతోంది.

పిట్‌లైటు | ఆదివారం, ఉదయం 9:10

ఆ తునక ఓ-రింగ్‌దేనో కాదో చిట్లిన చోటికి ఆనించి చూడండి. సరిపోతే వెతకాల్సింది ఇంకేమీ లేదు. సరిపోకపోతే అది హోస్ లోపలి పొర కావచ్చు, హోస్ మీది తయారీ సంవత్సరం చూసి మార్పించండి.

ఖాళీ క్యాబిన్ 17 బార్, గంటకు అర మిల్లీమీటరు, గేజి 10 నిమిషాలకు 15 అని తేదీతో కంట్రోలర్ తలుపు లోపల అంటించండి. ఆరు నెలలకోసారి ఇవే మూడు కొలవమనండి. గంటకు దిగేది పెరుగుతూ డబ్బా పొడిగా ఉంటే వాల్వ్ బ్లాకు, డబ్బా నిండుతుంటే ప్యాకింగ్. 17 కాస్తా 19, 20 అయితే లీకు కాదు, గైడ్ షూలు (క్యాబిన్‌ని పట్టాల వెంట నడిపే భాగాలు) బిగుసుకున్నాయో, క్యాబిన్‌లో ఎవరైనా గ్రానైట్ పరిపించారో చూడాలి.